కోడికి తోడు కుంపటి

తన కోడి కూయనిదే ఊరికి తెల్లవారదనియు, తన కుంపటిలోని నిప్పు లేనిదే ఊరిలో పొయ్యి వెలుగదనియు భ్రమించి, ఆ రెంటిని చంకన పెట్టుకొని అలిగి ఊరు విడిచిన ముసలమ్మ కథ మన తెలుగు దేశమున విననివారుండరు. ఆ కథను మనము అహంకారమునకు ఉదాహరణముగా చెప్పుకొని నవ్వుకొందుము. అయితే ఆ ముసలమ్మ ఆస్తి ఏమిటో ఒక్క క్షణము ఆలోచింపుడు. ఒక కోడి, ఒక కుంపటి. పేదరాలి ఇంట ఆ రెండును ఉన్నంతకాలము ఆమె ఒకరి ముందు చేయి చాపలేదు. ఈ వ్యాసమున మేము చర్చింపదలచినది కోడి చేయు పనిలో కొంత భాగమును కుంపటి చేత చేయించు ఒక చిన్న పెట్టెను గూర్చి. దానిని ఇన్‌క్యుబేటర్ అందురు. మేము పొదుగు పెట్టె యని పిలిచెదము.

మా అభిప్రాయమును మొదటనే స్పష్టముగా మనవి చేయుచున్నాము. కోడి గుడ్లను, బాతు గుడ్లను ఇంటిలోనే పొదిగించు పెట్టె దివిసీమ పల్లెలలోని వీధివీధికి ఒకటి చొప్పున రావలెను. దానికి మన కళాశాల దారి చూపవలెను. కాని ఆ పెట్టె కోడికి బదులుగా రాకూడదు. కోడికి తోడుగా రావలెను. ఈ రెండు మాటలకు గల భేదములోనే మేము చెప్పదలచిన విషయమంతయు ఇమిడియున్నది.

మొదట మన పెరటి స్థితి చూతము. అవనిగడ్డ పరిసరములలో పది పన్నెండు కోళ్ళు తిరుగని పెరడు అరుదుగా నుండెడి కాలమొకటి కలదు. నాటుకోడి పది పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుకు వచ్చును. 21 దినములు పొదుగును. పిదప రెండు మూడు నెలలు పిల్లలను వెంటబెట్టుకొని తిరుగును. అందుచేత ఏడాదికి మూడు నాలుగు పర్యాయములు మాత్రమే అది గుడ్లకు వచ్చును. మొత్తము మీద యాబై అరువది గుడ్లకు మించవు. ఫారములోని గుడ్ల కోడి ఏడాదికి మూడు వందలకు పైగా పెట్టును. ఈ లెక్క చూచి నాటుకోడి దండుగ యనువారు కలరు. కాని ఫారము కోడికి మేత కొనవలెను, కొట్టము కట్టవలెను. పైగా దానికి పొదుగుట తెలియదు. నాటుకోడి పురుగును, రాలిన గింజను, ఇంటి నూకలను తిని తన సంతానమును తానే పెంచుకొనును. పెట్టుబడి లేని ఇంటికి పెట్టుబడి లేని సంపద అది.

పొదుగుకు వచ్చిన కోడిని ఉర్దూలో 'కుడక్ ముర్గీ' అందురు. మన ఇండ్లలో ఒక గోడకు ఇవతల 'పొదుగు కోడి' యనియు, అవతల 'కుడక్ ముర్గీ' యనియు పిలువబడు ఆ పక్షి ఒక్కటే. ఇరువైపులను దాని సొమ్ము స్త్రీలదే. పిల్లవాని పలకకును, పండుగ నాటి గాజులకును, జబ్బు చేసిన రోజున మందులకును ఇంటి యజమానిని అడుగవలసిన పని లేకుండ చేసినది ఆ సొమ్మే. పెరట కోళ్ళు తగ్గుట యనగా ఒక పక్షి తగ్గుట మాత్రమే కాదు. గడప దాటి కూలికి పోలేని తల్లుల చేతి సొమ్ము తగ్గుట. ఈ విషయమును మా సోదర విద్యార్థులు గమనింప వేడెదము.

గుడ్లను కోడి లేకుండ పొదిగించుట నిన్నటి వింత యని కొందరు తలంతురు. అది పొరపాటు. ప్రాచీన ఈజిప్టు వాసులు గుడ్లను పేడ కుప్పల వేడిమిలో ఉంచి పిల్లలను తీయుదురని అరిస్టాటిల్ వ్రాసెను. బాగ్దాదు వైద్యుడును, పండితుడును అగు అబ్దుల్ లతీఫ్ అల్ బాగ్దాదీ సుమారు 1200 ప్రాంతమున ఈజిప్టులో నివసించి, ఆ దేశమును గూర్చిన తన గ్రంథమున, గుడ్లు పొదిగించు ఇటుక గదులను, వానిలో పేడను మండించి వేడిని కాపాడు విధమును సవిస్తరముగ వర్ణించెను. ఆ పనివారికి ఉష్ణమాపకము లేదు. గుడ్డును కంటిరెప్పకు ఆనించి వేడిని గ్రహించెడివారు. 1749లో రియోమ్యూర్ అను ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ విద్యను గూర్చి ప్రత్యేక గ్రంథము ప్రకటించెను. మన పొరుగున బంగ్లాదేశ్ పల్లెలలో వరి ఊక నింపిన బుట్టలలో బాతు గుడ్లు పొదిగించు పద్ధతి కలదు. వరి ఊక ఎక్కడ దొరకునో కృష్ణా డెల్టా వాసులకు ఎవరును చెప్పనక్కరలేదు.

ఇక పెట్టె సంగతి. కోడి గుడ్డుకు 21 దినములు, బాతు గుడ్డుకు 28 దినములు గడువు. కావలసినవి నాలుగు: వేడి, తేమ, గాలి, కదలిక. లోపలి గాలిని త్రిప్పు చిన్న ఫ్యాను గల పెట్టెలో 37.5 డిగ్రీల సెంటీగ్రేడు వేడి నిలుకడగా నుండవలెను. ఫ్యాను లేనిచో గుడ్ల పై అంచు వద్ద సుమారు ఒక డిగ్రీ ఎక్కువ చూపవలెను. కోడి గుడ్లకు మొదటి 18 దినములు నూటికి 50 నుండి 55 పాళ్ళ తేమయు, చివరి మూడు దినములు 65 నుండి 70 పాళ్ళ తేమయు అవసరము. గుడ్లను దినమునకు మూడు మార్లకు తగ్గకుండ త్రిప్పవలెను. త్రిప్పనిచో పిండము లోపలి పొరకు అంటుకొని నశించును. పిల్ల దిగుటకు మూడు దినముల ముందు త్రిప్పుట మానవలెను. ఏడవ నాటి రాత్రి చీకటిలో సెల్‌ఫోను దీపము మీద గుడ్డును నిలిపి చూచినచో, జీవమున్న గుడ్డులో ఎర్రని నరములు సాలెగూడు వలె కనిపించును. ఏమియు కనిపింపని గుడ్డు పొదుగునకు పనికిరాదు.

దీనికి పెద్ద యంత్రము అక్కరలేదు. నాగాయలంక, కోడూరు వైపులనుండి రొయ్యలను, చేపలను పంపు థర్మోకోల్ పెట్టె యొకటి, వేడిని అదుపు చేయు చిన్న థర్మోస్టాట్ ఒకటి, పాత కాలపు తీగ బల్బు ఒకటి, నీటి పళ్ళెము ఒకటి, చిన్న ఫ్యాను ఒకటి చాలును. ఎల్‌ఇడి బల్బు వెలుగునిచ్చును గాని తగిన వేడినియ్యదు గనుక అది ఇక్కడ పనికిరాదు. పెట్టె చేయుట సులభము. చేసిన పెట్టె వద్ద 21 దినములు ఓపికతో నుండుటయే కష్టము.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన ఇబ్బందులు కొన్ని కలవు. పెట్టె వేడిని పెంచగలదు గాని తగ్గింపలేదు. రోహిణీ కార్తెలో ఇంటిలోని గాలియే 40 డిగ్రీలు దాటునప్పుడు అందలి గుడ్లు ఉడికినట్లగును. కనుక ఎండలు ముదిరిన నెలలలో పెట్టెను మూసియుంచుటయే వివేకము. సుమారు 21 డిగ్రీలు దాటిన చోట గుడ్డులోని జీవము కొంచెము కొంచెముగా మేల్కొనసాగును. సగము మేల్కొని, చాలినంత వేడి లేక నశించును. అందుచేత గుడ్లను వారము దినములు దాచుట శాస్త్రము ఒప్పినను, మన ఉక్కలో మూడు నాలుగు దినములకు మించి దాచరాదు. నీటి కుండల చెంత చల్లని చోట, సన్నని కొన క్రిందికి వచ్చునట్లు ఉంచవలెను. సముద్రపు గాలి తగులు ఊళ్ళలో వానకాలమున గాలియందే తేమ హెచ్చుగా నుండును. పళ్ళెములో నీరు అధికమైనచో గుడ్డులోని నీరు ఆవిరి గాక, పిల్ల పెంకులోనే ఊపిరాడక చచ్చును. ఇక కరెంటు పోవుట యందరెరిగినదే. పెట్టె తెరువక, పైన బొంత కప్పి, లోపల వేడినీటి సీసాలు పెట్టినచో కొన్ని గంటలు గండము గడచును. గుడ్డు కొంతసేపు చల్లదనమును ఓర్చును గాని అధికమైన వేడిని ఓర్వదు.

బాతుల విషయము మరికొంత చెప్పవలసియున్నది. సార్వా కోతలు ముగిసిన పిమ్మట, బాతుల మందలను తోలుకొని వచ్చి, కోసిన మళ్ళలో రాలిన గింజలను, నత్తలను మేపువారిని డెల్టా వాసులందరు చూచియేయుందురు. గుడ్లు విరివిగా పెట్టు బాతు సాధారణముగా పొదుగదు. తన గుడ్డును ఎక్కడనో బురదలో విడిచి ముందుకు సాగిపోవును. అందుకే మన పెద్దలు బాతు గుడ్లను పొదుగు కోడి క్రింద పెట్టెడివారు. ఆ తల్లి ఏడు దినములు అదనముగా ఓపిక పట్టి పిల్లలను తీసి, అవి కాలువలోనికి దూకినంతనే గట్టు మీద నిలిచి దిగులుతో అరచుట పల్లెలలో పరిచితమైన దృశ్యమే. బాతు గుడ్లకు పొదుగు పెట్టె నిజముగా మేలు చేయును. కోడి గుడ్లకంటె ఏడు దినములు ముందుగా వానిని పెట్టినచో రెండు జాతుల పిల్లలును ఒకే నాడు దిగును. అయితే బాతు గుడ్డుకు తేమ కొంత హెచ్చుగా కావలెను. రెండవ వారమునుండి దినమునకొకమారు పెట్టె మూత తీసి కొన్ని నిమిషములు చల్లారనిచ్చి, గోరువెచ్చని నీరు చిలకరించుట మంచిది. తల్లి బాతు మేతకు పోయి తడి రెక్కలతో తిరిగి వచ్చుటను మనము ఈ విధముగా అనుకరించుచున్నాము.

ఇంత మేలు చేయు పెట్టె ఉండగా కోడి ఎందుకని ప్రశ్నింపవచ్చును. ఇక్కడనే మా వాదమునకు ప్రాణమున్నది. పెట్టె పిల్లను పుట్టింపగలదు గాని పెంచలేదు. పుట్టిన పిల్లకు మొదటి వారము సుమారు 35 డిగ్రీల వెచ్చదనము కావలెను. గద్ద నీడ పడినంతనే దాగుకొనుట, ఏది గింజయో ఏది రాయియో ఎరుగుట, వాన చినుకు పడగానే చూరు క్రిందికి పరుగెత్తుట తల్లి నేర్పవలసిన విద్యలు. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. తరతరములుగా పెట్టెలోనే పొదిగించుచు, పొదుగుకు వచ్చిన కోడిని పని లేనిదని కూరకు కోసినచో, పొదుగు గుణము గల కోళ్ళు మన పెరళ్ళనుండి అంతరించును. ఫారము కోళ్ళ విషయమున జరిగినదదియే. అటుపిమ్మట కరెంటు లేనిదే, కంపెనీ లేనిదే పల్లెలో ఒక కోడిపిల్ల పుట్టదు. ఆనాడు ముసలమ్మకు కోడియు ఉండదు, కుంపటియు ఉండదు.

కనుక మేము సూచించు పద్ధతి యిది. పెట్టెలో గుడ్లు పెట్టు నాడే, పొదుగుకు వచ్చిన కోడి క్రింద నాలుగైదు గుడ్లు పెట్టవలెను. 21వ నాడు రెండు చోట్లను పిల్లలు దిగును. ఆ రాత్రి చీకటిలో పెట్టె పిల్లలను మెల్లగా తల్లి రెక్క క్రిందికి చేర్చినచో, తెల్లవారునప్పటికి అవి కూడ తన పిల్లలేయని అది స్వీకరించును. ఇట్లు ఒక కోడి తాను పొదిగిన వానికంటె ఎక్కువ పిల్లలను సాకును. పొదుగుకు రాని తక్కిన పెట్టల గుడ్లు మురిగిపోక ఉపయోగపడును. కుంపటి తన పని చేయును, కోడి తన పని చేయును.

దివిసీమ వాసులకు ఈ విషయము మరియొక కారణమున కూడ పట్టవలెను. 1977 నవంబరు 19వ తేదీ నాటి ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే పదివేల మంది దాక మరణించిరి. గొడ్లు, కోళ్ళు ఎన్ని పోయినవో వాని పేర ఏడ్చుటకు కూడ ఆనాడు ఎవరికిని తీరిక లేకపోయెను. అట్టి విపత్తు పిదప కట్టుబట్టలతో మిగిలిన కుటుంబము మరల నిలదొక్కుకొనునప్పుడు, గేదెకంటె ముందుగా దాని చేతికి రాగలది గంప క్రింది కోడి. ఒక కోడి మూడు నెలలలో పది పిల్లలను ఇచ్చును. యాబై గుడ్ల పెట్టె, మూడింట రెండు వంతులు దిగినను, 21 దినములలో ముప్పదికి పైగా పిల్లలను ఇచ్చును. తుపానులు మనకు కొత్త గావు, ఆగిపోవునవియు గావు. పొరుగు మండలములలో కూడ మన జాతి కోళ్ళు, వానిని త్వరగా పెంపు చేయు సాధనము సిద్ధముగా నుండుట ముందుచూపు.

మన జాతి కోళ్ళలో అసీల్ పేరు జగత్ప్రసిద్ధము. ఆ పదము అరబ్బీ నుండి వచ్చినది. మేలైన మూలము గలదని అర్థము. పీలా, యాకూబ్, నూరీ, కాగర్, సబ్జా మున్నగు పేర్లతో ఇందు అనేక రకములు కలవు. అసీల్ పెట్ట మంచి పొదుగరి, మంచి తల్లి. కాని దాని పుంజును కత్తి కట్టి బరిలో దింపు దురాచారము సంక్రాంతి పేర ఏటేట కొనసాగుచున్నది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టమును, 1974 నాటి జూద నిరోధక చట్టమును దీనిని నిషేధించుచున్నవి. మన పెట్టెలో పుట్టిన పుంజు బరికి పోవుటకు మేము ససేమిరా ఒప్పుకొనము. తల్లుల చేతికి సొమ్ము చేర్పవలెనని తలపెట్టిన పని మగవారి జూదమునకు పెట్టుబడి యగుట కంటె ఆ పని లేకుండుటయే మేలు.

ఇక ఆక్షేపణలు. కళాశాలలో కోళ్ళ గోల యేల యని పెద్దలు అడుగవచ్చును. మా జంతుశాస్త్ర విద్యార్థులు కోడి పిండము యొక్క 24 గంటల పటమును, 48 గంటల పటమును రికార్డు పుస్తకములలో రంగు పెన్సిళ్ళతో గీయుచున్నారు. రెండవ దినము ముగియక మునుపే ఆ పిండములో గుండె కొట్టుకొనసాగునని వ్రాసి మార్కులు తెచ్చుకొనుచున్నారు. కాని దీపము ముందు నిలిపిన గుడ్డులో కదలు జీవమును కంటితో చూచినవారు మాలో ఎందరు? ఆ కదలికను ఒక్కమారు చూచిన విద్యార్థికి పాఠము పరీక్షతో తీరిపోదు. భౌతికశాస్త్రమువారికి థర్మోస్టాట్, వాణిజ్యశాస్త్రమువారికి జమాఖర్చుల పుస్తకము, ఉర్దూ, తెలుగు శాఖలవారికి రెండు భాషలలో ఒక చిన్న కరపత్రము — ఒక్క పెట్టె చుట్టును కళాశాల అంతటికి పని కలదు.

రోగములు వచ్చునన్నది రెండవ ఆక్షేపణ. ఇది కొట్టివేయదగినది కాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారములలో బర్డ్ ఫ్లూ నిర్ధారణయైన సంగతి అందరికి తెలియును. బాతు తాను జబ్బు పడకయే ఆ రోగమును మోయవచ్చును. కనుక ఊరూర తిరుగు మందల గుడ్లను పరిశీలన లేక తీసికొనరాదు; బాతు పిల్లలను, కోడి పిల్లలను కలిపి పెంచరాదు; పక్షులు అకారణముగా చచ్చినచో దాపరికము లేక పశువైద్యాధికారికి తెలుపవలెను. కొక్కెర తెగులుకు మొదటి వారముననే కంటిలో చుక్కల మందు వేయింపవలెను. భయమును జాగ్రత్తగా మార్చుకొనుట చదువుకొన్నవారి లక్షణము.

ఫారము వద్ద పిల్లలు చవుకగా దొరకునప్పుడు ఈ శ్రమ యేల యన్నది మూడవ ఆక్షేపణ. రాజేంద్రనగరులోని కోళ్ళ పరిశోధనా సంస్థ పెరటికి తగినవిగా రూపొందించిన వనరాజా, గ్రామప్రియ జాతులు మెచ్చదగినవే. కాని అవి పొదుగుటకు ప్రసిద్ధి గాంచినవి కావు. ప్రతి తరమునకు మరల పిల్లలను కొనవలెను. దుకాణములో కొన్న ఫారము గుడ్డును పెట్టెలో పెట్టిన లాభము లేదు. పుంజు లేని కోడి గుడ్డులో జీవముండదు. ఎనిమిది పది పెట్టలకు ఒక మంచి పుంజును కాపాడుకొన్న ఇంటికి మాత్రమే పెట్టె ఉపయోగపడును. గుడ్ల పరిశ్రమలో మగపిల్లకు విలువ లేదు. నాటు పెరటిలో పుంజే ఎక్కువ ధర తెచ్చును. కావున ఇక్కడ పుట్టిన ఏ పిల్లయు వ్యర్థము కాదు.

కళాశాల పాలక సంఘమువారికి మా విన్నపము మూడు అంశములు. మొదటిది, ప్రయోగశాలకు యాబై గుడ్లు పట్టు పెట్టె నొకదానిని, బ్యాటరీ సదుపాయముతో సమకూర్పవలెను. రెండవది, గన్నవరములోని పశువైద్య కళాశాలనుండియో, ఘంటసాలలోని కృషి విజ్ఞాన కేంద్రమునుండియో నిపుణులను ఏడాదికొకమారు పిలిపించి, విద్యార్థినుల తల్లులకు కూడ ప్రవేశము కల్పించి శిక్షణ ఇప్పింపవలెను. మూడవది, విద్యార్థులు స్వయముగా చేసిన చిన్న పెట్టెలను ఇండ్లకు ఎరువు ఇచ్చు ఏర్పాటు చేయవలెను. అద్దె సొమ్ముగా తీసికొనవద్దు. పెట్టె తీసికొన్నవారు, దిగిన పిల్లలలో ఐదింటిని మరియొక పేద ఇంటికి ఇచ్చుటయే దాని అద్దె. వడ్డీ లేని ఈ బాకీ ఇంటినుండి ఇంటికి తీరుచుండవలెను.

తోటి విద్యార్థులకు ఒక్క మాట. పెట్టె ప్రక్కన ఒక పుస్తకముంచుడు. ఎన్ని గుడ్లు పెట్టితిమి, ఎన్నింట జీవము కనిపించెను, ఎన్ని నడుమ నశించెను, ఎన్ని దిగెను అన్నది దాపరికము లేక వ్రాయుడు. పిల్ల పెంకును పొడిచిన పిదప బయటికి వచ్చుటకు ఒక పగలో ఒక రాత్రియో పట్టును; బాతు పిల్లకు అంతకంటె ఎక్కువ పట్టును. ఆ సమయమున లోపల మిగిలిన పచ్చసొన దాని కడుపులోనికి చేరుచుండును. జాలిపడి మనము పెంకు ఒలిచినచో రక్తము స్రవించి అది చచ్చును. తొందరపడని చేతిని, కనిపెట్టియుండు కంటిని ఆ పెట్టె మనకు నేర్పును. ఈ సంవత్సరము కార్తికమాసపు చల్లదనము రాగానే మొదటి గుడ్లు పెట్టుటకు మేము సిద్ధముగా నున్నాము. పెద్దలు అనుమతియు, పెట్టెయు ఇప్పింతురని ఆశించుచున్నాము.